ఉప్పుగాలిలో వింత రూపాలు: చెన్నై కొత్త కట్టడాలు, గోడ బొమ్మలు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ రాలుతాయి

చెన్నైలో మామూలుకు భిన్నమైన కట్టడం అనగానే అన్నా సాలై పక్కన ఓమందూరార్ ఎస్టేట్‌లోని గుండ్రటి భవనం గుర్తొస్తుంది. జర్మనీకి చెందిన జీఎంపీ సంస్థ దాన్ని శాసనసభకూ సచివాలయానికీ డిజైన్ చేసింది. 2010 మార్చిలో ప్రారంభోత్సవం నాటికి పైన రావాల్సిన గుమ్మటం పూర్తి కాలేదు. సినిమా కళాదర్శకుడు తోట తరణి చేత సెట్టు గుమ్మటం వేయించి ఉత్సవం కానిచ్చారు. మన బందరు మనిషి, కోడంబాక్కం సినిమా పనితనం, జర్మన్ నక్షా. మద్రాసు అంటే ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, శాసనసభ మళ్లీ సెయింట్ జార్జ్ కోటకు వెళ్లిపోయింది. 2014 ఫిబ్రవరిలో ఆ భవనమే మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిగా తెరుచుకుంది.

దాని చుట్టూ జరిగిన రాజకీయ చర్చ ఎంతో, రూపం మీద చర్చ అంత తక్కువ. ఈ ఊళ్లో కొత్త రూపాన్ని చూడగానే బాగుందా లేదా అని వాదించుకుంటాం. కట్టేవాళ్లు, నిధులిచ్చేవాళ్లు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఉప్పు ఎక్కడ పేరుకుంటుంది, పదేళ్ల తర్వాత అక్కడికి మనిషి చెయ్యి ఎలా అందుతుంది? ఈ రెండింటికీ జవాబు ఉన్నంతవరకు ఎంత వంకర రూపమైనా నిలుస్తుంది. జవాబు లేకపోతే మామూలు పిట్టగోడ కూడా పెచ్చులూడుతుంది.

చేపాక్ స్టేడియం చూడండి. 2011 ప్రపంచకప్ ముందు లండన్‌కు చెందిన హాప్కిన్స్ ఆర్కిటెక్ట్స్, స్థానిక సంస్థతో కలిసి, కొత్త స్టాండ్ల మీద టెంటు ఆకారపు బట్ట పైకప్పులు వేశారు. స్టాండ్ల మధ్య ఖాళీలు వదలడంతో మెరీనా గాలి లోపలికి వస్తుంది. ఇలాంటి పైకప్పులకు వాడే బట్ట ప్రధానంగా రెండు రకాలు. పీవీసీ పూసిన పాలిస్టర్ తక్కువ ధరకు వస్తుంది, ఎండకు సుమారు 15 ఏళ్లలో పెళుసెక్కుతుంది. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) పూసిన గాజునార ధర ఎక్కువే అయినా 25–30 ఏళ్లు తట్టుకుంటుంది, దుమ్ము కూడా వానకే చాలావరకు పోతుంది. ఏ రకమైనా బట్ట నడిమధ్యలో చిరగడం అరుదు. మూలల్లో ఇనుప పలకను పట్టే చోట, కేబుల్ చివర, బోల్టు కింద పాడవుతుంది. బట్టలో బిగువు తగ్గితే గాలికి కొట్టుకుంటుంది. కొట్టుకున్నకొద్దీ అంచు అరుగుతుంది, వానకు మధ్యలో నీళ్లు నిలిచి ఆ బరువుకు ఇంకా సాగుతుంది. కాబట్టి టెండర్ రాసేటప్పుడే మూల పలకల దగ్గర మళ్లీ బిగించే మరలు పెట్టించాలి. ఏడాదికోసారి, అక్టోబర్ వానలకు ముందు, బిగువు సరిచూసే పనికి డబ్బు విడిగా చూపాలి. చాలా టెండర్లలో ఈ రెండో పద్దు ఉండదు.

ఇక సిరుసేరిలో ఆర్కిటెక్ట్ కార్లోస్ ఓట్ గీసిన టీసీఎస్ క్యాంపస్ భవనాలది సీతాకోకచిలుక ఆకారం. విమానంలోంచి అందంగా కనిపిస్తుంది. నేల మీద నడిచేవాడికి మటుకు అది పొడవాటి నీడ దారి. నీడ దారిగానే దానికి మార్కులు వేయాలి, ఆ లెక్కన బాగానే వస్తాయి.

ఇనుముకూ ఉప్పుకూ మధ్య

అంతర్జాతీయ తుప్పు ప్రమాణంలో సముద్రపు ఒడ్డు వాతావరణాన్ని చాలావరకు సీ5 తరగతిలో, అంటే తుప్పు చాలా ఎక్కువుండే తరగతిలో వేస్తారు. అక్కడ పూత లేని మామూలు ఇనుము మొదటి ఏడాదిలో 80 నుంచి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కోల్పోతుంది. జింకు 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. మందపాటి ఇనుముకు హాట్ డిప్ గాల్వనైజింగ్‌లో (కరిగిన జింకులో ముంచడం) వచ్చే జింకు పొర 85 మైక్రాన్ల దరిదాపు. భాగిస్తే 10 నుంచి 20 ఏళ్లు. బీసెంట్ నగర్ ఒడ్డున కింది అంకెనే నమ్ముకోవాలి. రంగు వేసే పద్ధతి అయితే ఇసుకతో కొట్టి ఎస్ఏ రెండున్నర స్థాయికి, అంటే తుప్పూ పాత పొరలూ దాదాపు పూర్తిగా పోయేలా శుభ్రం చేసి, జింకు ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమర్, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురెథేన్, అన్నీ కలిపి 260 నుంచి 320 మైక్రాన్ల మందం రావాలి. వర్క్‌షాపులో ఈ మందం బాగానే వస్తుంది. సైటులో వెల్డింగ్ చేసిన అతుకుల దగ్గర మాత్రం బ్రష్‌తో ఒక్క పూత పూసి వదిలేస్తారు. తుప్పు అక్కడే మొదలవుతుంది.

వేళ కూడా ముఖ్యం. ఇనుము ఉపరితలం మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం లోపుండాలి. చెన్నై తెల్లవారుజామున ఇనుము చేతికి చల్లగా, తడిగా తగులుతుంది. ఎండ రాకముందే పని మొదలుపెట్టే మేస్త్రీ కష్టజీవే కానీ, ఆ పూత కింద నీటి పొర చిక్కుకుంటుంది. పొద్దున తొమ్మిదిన్నర, పది దాటాక మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి ఆపడం మేలు.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదనే నమ్మకం ఈ ఊళ్లో చాలామందికి ఖరీదైన పాఠమైంది. మార్కెట్‌లో ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పేరుతో దొరికేదాంట్లో 200 సిరీస్ గ్రేడు చాలా ఉంటుంది. నికెల్ తక్కువ, ఒడ్డున నెలల్లోనే గోధుమ మరకలు తేలతాయి. 304 కొంత నయం, అయినా మరకలు తప్పవు. సముద్రం దగ్గర వాడాల్సింది 316. దానిలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అయస్కాంతం పెట్టి 304నీ 316నీ వేరు చేయడం కుదరదు. మాలిబ్డినం ఉనికిని చెప్పే చుక్కల పరీక్ష కిట్ తెచ్చుకుని, సరుకు లారీ దిగుతుండగానే ముక్క ముక్కకూ వేసి చూడాలి. 316 కొని కూడా చెడగొట్టుకోవచ్చు: మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ చక్రంతోనే దాన్నీ రుద్దితే ఇనుప రజను అంటుకుని అక్కడ తుప్పు పుడుతుంది. వెల్డింగ్ పక్కన వచ్చే నీలిరంగు చారను యాసిడ్ పేస్ట్‌తో తీసేయాలి. గీతల ఫినిష్ కావాలంటే గీతలు నిలువుగా ఉండాలి, అడ్డగీతల్లో ఉప్పు ఆగిపోతుంది.

కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి ఇంకోటి ఉంది. వాన నేరుగా పడే భాగం కంటే వాన తగలని అడుగు భాగమే ముందు పాడవుతుంది. పైభాగంలో పేరుకున్న ఉప్పును ప్రతి వానా కడిగేస్తుంది. చూరు కింద, శిల్పం పొట్ట కింద, బోర్డు వెనకాల చేరిన ఉప్పు అలాగే ఉండి రాత్రి తేమ పీల్చుకుంటుంది. అందుకే నెలకోసారి మంచినీళ్లతో కడగడం అన్ని పూతలకంటే చవకైన రక్షణ. మంచినీళ్లతోనే కడగాలి. ఒడ్డు దగ్గరి బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, వాటితో కడిగితే తీసిన ఉప్పు మళ్లీ రాసినట్టే.

మెరీనాలో దేవీ ప్రసాద్ రాయ్ చౌదరి చేసిన శ్రామిక విజయం శిల్పం 1959 నుంచి ఆ గాలిలోనే ఉంది. నలుగురు మనుషులు బండను కదిలించే ఆ శిల్పం కంచు. కంచు మీద ఏర్పడే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇప్పుడు చాలా సంస్థలు అదే ఆకారాన్ని ఫైబర్‌గ్లాస్‌తో చేయించి కంచు రంగు పూస్తాయి. దాంట్లో తప్పు లేదు, లోపలి చట్రం మామూలు ఇనుము కాకుండా ఉంటే. బయటి చర్మం ఇరవయ్యేళ్లు ఉండగలిగినా లోపలి చట్రం ఎవరికీ కనిపించకుండా తినేయబడుతుంది. రాగి రేకు కింద ఇనుప చట్రం పెడితే ఇంకా చేటు: రెండు లోహాలు తడిలో కలిసినచోట ఇనుము వేగంగా పోతుంది. మధ్యలో నియోప్రీన్ రబ్బరు పలక పెట్టాలి. డొల్ల శిల్పానికి అట్టడుగున 12 మిల్లీమీటర్ల నీటి రంధ్రం వదలాలి. దాన్ని మూసేసి ‘సీల్’ చేశామని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలి సన్నటి పగుళ్లగుండానైనా తేమను లోపలికి లాక్కుంటుంది, ఇక బయటికి దారి ఉండదు.

కాంక్రీటులో వంపులు

వంపు తిరిగిన కాంక్రీటు గోడలకు ఒడ్డున వచ్చే జబ్బు ఒక్కటే, ఊచ మీద కవర్ (ఊచను కప్పే కాంక్రీటు మందం) చాలకపోవడం. భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణం ‘తీవ్రం’ కింద వస్తుంది: కనీసం ఎం30 గ్రేడు (బలాన్ని చెప్పే అంకె) కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవర్, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 లోపు, క్యూబిక్ మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు. అలల తుంపర తగిలే చోటయితే ఎం35, 50 మిల్లీమీటర్లు, 340 కిలోలు. తిన్నటి గోడలో ఇది సులువు. వంపులో ఊచను చేత్తో వంచుతారు, కవర్ బ్లాకులు జారతాయి, సెంట్రింగ్ చెక్క లోపలికి నొక్కుకుంటుంది. ఒక పక్క 70, ఇంకో పక్క 20 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఉప్పు కాంక్రీటులోకి ఇంకే తీరు వల్ల కవర్ సగమైతే ఊచను చేరే కాలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటు లోపలి నుంచి పగులుతుంది. దాన్ని పైన ప్లాస్టరింగ్ చేసి కప్పడం మన దగ్గర ఆనవాయితీ. రెండు మూడు వానాకాలాలకు ఆ ముక్క కిందపడుతుంది.

మందం తగ్గించి వంపులు తిప్పాలంటే గాల్వనైజ్డ్ జాలీతో ఫెర్రోసిమెంటు (జాలీకి సిమెంటు గార పట్టించే పల్చటి పని) చేయవచ్చు, లేదా గాజునార కాంక్రీటు పలకలను బయట అచ్చులో పోసి, వెనక 316 బ్రాకెట్లతో తగిలించవచ్చు. రెండో పద్ధతిలో పలకను విప్పి మార్చుకోవచ్చు. కాంక్రీటు కలిపే, తడిపే (క్యూరింగ్) నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుండాలని ఐఎస్ 456 చెబుతుంది. ట్యాంకర్ నీళ్లను ఒక్కసారైనా ల్యాబ్‌కు పంపడం తప్పనిసరి. ఆ ఫీజు చాలా తక్కువ, ఎగ్గొట్టేదీ అదే.

గాలి లెక్క

గాలి భారం లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో చెన్నైకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఒత్తిడి అంటే వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే వచ్చేది: చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. మీటరు దిమ్మె మీద 3 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తున్న రేకు శిల్పం పెట్టామనుకుందాం. వైశాల్యం 15 చదరపు మీటర్లు, పలకకు ఆకార గుణకం 1.25 చొప్పున తీసుకుంటే గాలి తోపు దాదాపు 2.8 టన్నులు. ఆ తోపు పనిచేసేది నేలకు మూడున్నర మీటర్ల ఎత్తులో. పడిపోకుండా ఒకటిన్నర రెట్లు భద్రత కావాలంటే 3 మీటర్లు చదరం, 60 సెంటీమీటర్ల మందం పునాది వేయాలి, 5.4 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, సుమారు 13 టన్నులు. ఇది చేతి లెక్క, నేల గుణం, ఎత్తు గుణకాలు చూసి ఇంజనీరు సరిచేయాలి. అయినా ఎంత పునాది కావాలో అంచనా దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ గేటు ముందు బేస్‌మెంట్ శ్లాబు మీద నాలుగు యాంకర్ బోల్టులతో నిలబెట్టే బొమ్మల గతి 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను చూపించింది. ఊళ్లో వేల చెట్లు కూలిన రోజది.

రేకుకు రంధ్రాలు కొట్టడం, పట్టీలుగా విడగొట్టడం వల్ల తోపు తగ్గుతుంది. పాతవాళ్లు దీన్ని రూపంతోనే సాధించారు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్)లో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర మ్యూజియంలో (1996లో తెరిచారు, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ మొదట్లో గీసిన పని) ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఉంది. గుండ్రటి మట్టి గోడ, నేలకు చేరువగా దిగే తాటాకు కప్పు. ఏ దిక్కున గాలి కొట్టినా పట్టుకునే మూల లేదు. శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చి ఇక్కడ సైట్లలో పనిచేసేవాళ్లకు ఆ ఇల్లు మ్యూజియం వస్తువు కాదు, అమ్మమ్మ గారిల్లు. అక్కడి చూరు ఎత్తును ఒక్కసారి కొలుచుకుని వస్తే వంపు పైకప్పులు గీసేవారికి చాలా పని తగ్గుతుంది.

గోడ బొమ్మలు

చెన్నైలో గోడ ఎప్పుడూ ఖాళీగా లేదు. ఫలానా పార్టీకి ఇన్నేళ్లు అని రాసి గోడను ‘రిజర్వ్’ చేసుకోవడం ఇక్కడి ఎన్నికల అలవాటు, దాన్ని అడ్డుకోవడానికి 1959 నాటి చట్టమూ ఉంది. కోడంబాక్కం బ్యానర్ చిత్రకారులు నలభై అడుగుల ముఖాన్ని గళ్లు గీసి చేత్తో వేసేవారు. ఆ పనితనం వినైల్ ప్రింటు వచ్చాక అడుగంటింది. 2020లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్, ఏషియన్ పెయింట్స్ కలిసి తొరైప్పాక్కం దగ్గర కణ్ణగి నగర్‌లో ఫ్లాట్ల పక్క గోడలు వేయించాయి. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలకు 2000 నుంచి కట్టిన 15 వేలకు పైగా ఇళ్లున్న కాలనీ అది. ఏ-కిల్ అనే చెన్నై చిత్రకారుడి పెద్ద పెద్ద ముఖాలు అక్కడే కాక ఇందిరా నగర్ రైల్వే స్టేషన్ మీదా కనిపిస్తాయి. హైదరాబాదు వాళ్లకు మక్తా గోడలు తెలిసే ఉంటాయి, అదే సంస్థ పని.

ఆ గోడలు ఆ కాలనీ మీద ఊరికున్న అభిప్రాయాన్ని మార్చాయన్నది నిజం. నల్లా నీళ్లు, మెట్ల దారి చెమ్మ, ఊరికి దూరం మాత్రం రంగుతో పోవు. బొమ్మ వేసే ముందు గోడ మరమ్మతు చేయక తప్పదు కాబట్టి, బొమ్మ బడ్జెట్‌లో పైపుల లీకు మరమ్మతునూ కలపడం తెలివైన పని. లోపలి బాత్రూమ్ పైపు కారుతుంటే బయట ఎంత మంచి రంగయినా బుడగలై లేస్తుంది. ఆ లెక్కన కళ కోసం అడిగిన డబ్బుతో ప్లంబింగ్ కూడా జరుగుతుంది.

పని వరుస ఇలా ఉంటుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి, లేకపోతే సిమెంటు క్షారం రంగును తినేస్తుంది. పాత గోడను అరచేత్తో రుద్దాలి. తెల్లటి పొడి అంటితే కింద సున్నమో డిస్టెంపరో ఉన్నట్టు, గీకేదాకా దానిమీద ఏ రంగూ పట్టుకోదు. అడుగు చదరం పాలిథిన్ షీటును అంచులకు టేపు వేసి రాత్రంతా వదలాలి. పొద్దున లోపల నీటి చుక్కలు ఉంటే గోడ ఇంకా తడి. ఉప్పు పూసిన చోట ముందు పొడి బ్రష్‌తో దులపాలి, తర్వాతే నీళ్లు. తిరగేస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది. బయటి గోడకు దళసరి పుట్టీ వద్దు, పగుళ్లు మాత్రం నింపితే చాలు.

పది మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల ఎత్తు గోడ అంటే 120 చదరపు మీటర్లు. ప్రైమర్ 10–12 లీటర్లు, బేస్ రంగు రెండు కోట్లకు సుమారు 24 లీటర్లు, బొమ్మ రంగులు అన్ని ఛాయలూ కలిపి ఇంకో 25–30 లీటర్లు పడతాయి. బొమ్మను ఎక్కించడానికి ప్రొజెక్టర్ వాడాలంటే రాత్రి కావాలి, ఎదురుగా ఖాళీ జాగా కావాలి. మన సందుల్లో రెండోది దొరకదు. ఇప్పుడు ఎక్కువమంది గోడ నిండా పిచ్చిగీతలు గీసి, ఫోటో తీసి, ఫోన్‌లో దానిమీద బొమ్మను పరిచి, ఏ గీత పక్కన ఏ కన్ను వస్తుందో చూసుకుంటూ వేస్తున్నారు. బ్యానర్ వాళ్ల గళ్ల కంటే ఇది వేగం, ఎత్తులో ఉన్నప్పుడు దారి తప్పడం కూడా తక్కువ.

పైకెక్కడానికి బూమ్ లిఫ్ట్ (మనిషిని బుట్టలో పైకెత్తే బండి) మేలు కానీ దాని చక్రం కింద మురుగు కాలువ మూత ఉందో లేదో ముందు చూడాలి. సందులో అయితే పరంజా కట్టాలి, ఇక్కడి కూలీలు సారం అంటారు. తాడు ఊయల వాడితే ఊయల తాడు ఒకచోట, మనిషి నడుముకు కట్టే తాడు ఇంకోచోట, రెండూ స్తంభాలకే, పిట్టగోడను నమ్మకూడదు.

వేయడానికి జనవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. అక్టోబర్–డిసెంబర్ ఈశాన్య రుతుపవనాలకు ఉత్తరం, తూర్పు గోడలు నిండా తడుస్తాయి, ఆరడానికి సంక్రాంతి దాటుతుంది. మే మధ్యాహ్నం పడమటి గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఎమల్షన్ పొరగా ఏర్పడకముందే ఎండిపోయి ఆరునెలల్లో పొడిగా రాలుతుంది. పడమటి గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం అని చెప్పడం సులువు. చెన్నైలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి తూర్పు గోడ మీద స్ప్రే రంగును చెదరగొడుతుంది. అందుకని తూర్పు గోడకు మధ్యాహ్నం బ్రష్, రోలర్ పనే పెట్టుకుని, స్ప్రేతో చేయాల్సిన ముఖం, చేతుల నీడలను పొద్దున్నే తొందరగా ముగించాలి.

రంగులన్నీ ఒకేలా వెలవవు. గేరు ఎరుపు, పసుపు మట్టి రంగు లాంటి ఐరన్ ఆక్సైడ్లు, నలుపు, తెలుపు ఏళ్ల తరబడి నిలుస్తాయి. గులాబీ, వంగపండు, మెరుపు పసుపు ముందు పోతాయి. నవ్వే ముఖంలో పెదాల ఎరుపు పోయి నీడ నలుపు మిగిలితే బొమ్మ రోగిలా కనిపిస్తుంది. చిత్రకారులు ముఖ్యమైన గీతలను ఆక్సైడ్లతో కట్టి, మెరుపు రంగులను మళ్లీ పూయడానికి వీలైన చోట్ల వాడాలి. పైన పారదర్శక వార్నిష్ కొట్టాలా అంటే, ఊపిరాడనిచ్చే సైలేన్–సైలోక్సేన్ రకం అయితేనే. మెరిసే వార్నిష్ చెమ్మను లోపల బంధిస్తుంది. మనిషి ఎత్తు వరకు మాత్రం పోస్టర్ల బెడద ఉంటుంది, మైదా గంజి పట్టు ఊడేటప్పుడు రంగును కూడా లాగేస్తుంది. ఆ రెండు మీటర్లలో కడిగేస్తే పోయే మైనం పూత వేసి, ఏటా మార్చుకోవాలి. బొమ్మలో ముఖ్యమైనదేదీ ఆ పట్టీలో పెట్టకపోవడం ఇంకా మంచిది.

కాగితం మీద

పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) అపార్ట్‌మెంట్ల సంఘాల్లో గోడ ఇవ్వడానికి తీర్మానం సులువుగానే అవుతుంది. ఐదేళ్ల తర్వాత బిల్డింగ్‌కు రంగులు వేయించేటప్పుడే గొడవ. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద తన కృతిని వికృతం చేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఉంటుంది, హక్కులు అమ్మేసినా సరే. విజ్ఞాన్ భవన్ నుంచి తీసేసి పాడుచేసిన కుడ్యశిల్పం విషయంలో దాన్ని చేసిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన భాగాలు తిరిగి ఇప్పించి, 5 లక్షల పరిహారం కూడా ఇప్పించింది. 2017లో కూల్చేసిన ప్రగతి మైదాన్ హాల్ ఆఫ్ నేషన్స్ విషయంలో మాత్రం, భవనం యజమాని కూల్చుకుంటే ఆర్కిటెక్ట్ అడ్డుకోలేడని అదే కోర్టు 2019లో దాన్ని గీసిన రాజ్ రేవాల్‌కు చెప్పింది. అంటే కట్టడానికీ దానిమీది బొమ్మకూ రక్షణ ఒకటి కాదు. సంఘం రాసుకునే ఒప్పందంలో బొమ్మ ఎన్నేళ్లు ఉంటుంది, తీసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, మరమ్మతుకు మొదట కళాకారుడిని పిలవాలా అన్నవి స్పష్టంగా ఉండాలి.

ఫోటోల సంగతి ఎవరూ పట్టించుకోరు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్నీ భవనాన్నీ ఫోటో తీసి ప్రచురించుకోవడానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. గోడ మీది బొమ్మ చట్టం దృష్టిలో చిత్రలేఖనం, ఆ మినహాయింపు జాబితాలో చిత్రలేఖనం లేదు. బిల్డర్ తన బ్రోషర్ మీద ఆ గోడను అచ్చు వేసుకోవాలన్నా, సంఘం దానితో క్యాలెండర్ కొట్టించాలన్నా ఒప్పందంలో ఆ వాడకాన్ని పేరు పెట్టి రాయించుకుని, దానికి విడిగా ఎంత ఇస్తారో కూడా అందులోనే చేర్చాలి.